దగ్గిన ఇంజను

ఆ ఉదయం పళ్ళ డాక్టరును గాల్లోకి తీసుకెళ్ళవలసింది కెప్టెన్. తీసుకెళ్ళింది చిన్నమ్మాయి.

ఆమె క్లబ్బుకు వచ్చేసరికి కెప్టెన్ కుర్చీలో నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయి, పంటి బిగువున మళ్ళీ కూలబడ్డాడు. రాత్రి నుంచీ నడుం పట్టేసిందనీ, ఈ పూటకు డాక్టరు పాఠం నువ్వే చెప్పాలనీ అన్నాడు. ఆమె సరేనంది. ఆయన పని చెప్పడం, ఈమె సరేననడం ఆ క్లబ్బులో గోడ గడియారం టిక్కుటిక్కుమన్నంత మామూలు సంగతి.

చిన్నమ్మాయి అన్నది అక్కడ ఆమెకు పాతుకుపోయిన పేరు. విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలో నిజంగానే చిన్నపిల్ల. ఇప్పుడు తనే పదిమందికి నేర్పుతోంది, పాపిట దగ్గర నెరుపు కూడా తొంగి చూస్తోంది, అయినా పేరు మాత్రం ఎదగలేదు. ఆమెకు నేర్పిన గురువు కెప్టెన్. మైదానంలో ఆయన్ని సార్ అంటుంది, వాళ్ళింటికి వెళ్తే బాబాయ్ అంటుంది. ఆయన భార్య ఆమెకు పిన్ని. పిల్లల్లేని ఆ దంపతులు ఆమెను కడుపులో పెట్టుకుని చూసుకునేవారు.

విమానం షెడ్డు ముందు నిలబడి ఉంది. ఇద్దరు పట్టే చిన్నది, పాతది, తెల్లరంగు మీద నీలం చార. ఆమె దాని చుట్టూ తిరుగుతూ రోజూ చేసే పనే చేసింది. రెక్క కింద చిన్న గాజు గొట్టం ఆనించి కాస్త పెట్రోలు దించి, వెలుతురుకు పట్టి చూసింది. నీళ్ళు లేవు, నలక లేదు. ఇంజన్లోంచి ఆయిలు కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసింది. ముక్కు మీది పంకా అంచును అరచేత్తో నిమిరి ఎక్కడైనా గంటు పడిందేమోనని వెతికింది. పళ్ళ డాక్టరు ఆమె వెనకే తిరుగుతూ ఇంజను ముందున్న రెండు రంధ్రాల్లోకి వంగి చూసి, "ఏదీ, నోరు పెద్దగా తెరువు" అన్నాడు. ఆయన గుండ్రటి మనిషి, కబుర్ల పోగు. రోజంతా తన ముందు కూర్చునేవాళ్ళు నోరు తెరుస్తారే కానీ ఒక్కరూ తిరిగి మాట్లాడరనీ, అందుకే గాల్లోకి వచ్చి ఆమె బుర్ర తింటున్నాననీ ఆయనే చెప్పుకునేవాడు.

రన్‌వే చివర బ్రేకులు పట్టి ఇంజను శబ్దం పెంచారు. సూదులన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. డాక్టరే నడుపుతున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు మాత్రం పెడళ్ళ మీద తేలిగ్గా ఆనించి ఉంచింది. చక్రాలు నేలను వదిలాయి. విమానం కంచె దాటింది, రోడ్డు దాటింది, రోడ్డు పక్క ఇళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు కిందికి జారిపోయాయి. అప్పుడు ఇంజను దగ్గింది.

మనిషి పొలమారినట్టు ఒక్క దగ్గు. మరొకటి. ఆ తరువాత గాలి హోరు తప్ప ఏమీ లేదు. ముందు పంకా ఊరికే గాలికి తిరుగుతోంది.

"నాకివ్వండి" అని ఆమె నడిపే పిడి అందుకుంది. డాక్టరు వదిలేశాడు. ఇంజను ఆగినప్పుడు చెయ్యి తనంతట తానే వెనక్కి లాగాలని చూస్తుంది, ముక్కు పైకెత్తితే పైనే ఉంటామన్న ఆశతో. లాగితే రెక్కల కింద గాలి పట్టు తప్పి విమానం బండరాయిలా పడుతుంది. ఆమె ముక్కును కిందికి వంచింది. ఎడం చేత్తో పెట్రోలు ట్యాంకు మార్చింది, పంపు వేసింది. ఉలుకూ పలుకూ లేదు.

"వెనక్కి తిప్పండి, రన్‌వే వెనకే ఉంది" అన్నాడు డాక్టరు. ఆయన గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది.

"తిరగలేం" అందామె. ఎడమ వైపు ఇళ్ళు. కుడి వైపు బడి, దాని ఆవరణలో బారులు తీరిన పిల్లలు. ఎదురుగా కరెంటు తీగలు, అవి దాటితే దున్నిన పొలం. చక్రాలు తీగలకు తగలకుండా దాటించింది. పెట్రోలు కట్టేసింది, స్విచ్చులు ఆపింది, తలుపు గడియ తీయమని డాక్టరుకు చెప్పింది. ఆ తరువాత ఇంకొక మాట చెప్పాలి. చెప్పేలోపే నేల వచ్చేసింది.

చాళ్ళకు అడ్డంగా దిగారు. వెనక చక్రాలు తగిలి ఎగిరిపడ్డాయి, ముందు చక్రం మట్టిలో కూరుకుని విరిగింది, తోక పైకి లేచింది. తెలివి వచ్చేసరికి ఆమె బెల్టుకు వేలాడుతోంది. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. డాక్టరు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. దెబ్బ తగలకుండా ఆపుకోవడానికి ఆయన ఆ చేతిని ఎదుటి పలకకు ఆనించి ఉంచాడు. ఆమె తన ఎడమ భుజం పని చేయడం లేదని గ్రహించి, రెండో చేత్తోనే ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

*

ఆసుపత్రికి అందరికంటే ముందు వచ్చింది కెప్టెనే. మెట్లెక్కి, వరండా అంతా గబగబా నడిచి, ఆమె మంచం మీదికి వంగి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. నుదుటి మీద కుట్లు, భుజం ఎముక విరిగి మెడకు వేలాడే పట్టీలో చెయ్యి. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి ఆమె చెంప మీద పడ్డాయి. ఆమె కూడా ఆయన అరచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. బతికి బయటపడ్డానన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసినట్టయింది.

గుమ్మం బయట పత్రికలవాళ్ళు కాచుకుని ఉన్నారు. కెప్టెన్ వాళ్ళను లోపలికి పిలిచి ఆమె పక్కనే నిలబడి మాట్లాడాడు. అంత తక్కువ ఎత్తులో ఇంజను ఆగితే ఎంతటివాడికైనా కాళ్ళూ చేతులూ ఆడవని చెప్పాడు. యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరనీ, ఇళ్ళ మీదా బడి మీదా పడకుండా దించడం మాటలు కాదనీ చెప్పాడు. "నా శిష్యురాలు" అంటూ ఆమె తల మీద చెయ్యి వేశాడు. మర్నాడు ఆ మాటే పెద్దక్షరాలతో పడింది. ఆమె భర్త కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. ఆ పేపరు నాలుగు కాపీలు కొనుక్కొచ్చి, ఇన్నాళ్ళూ ఇంట్లో ఇంత గొప్ప మనిషి ఉందని తెలియక గిన్నెలు కడిగించానని నవ్వించబోయాడు. నవ్వితే భుజం కలుక్కుమంటోందని ఆమె బతిమాలింది.

ఆమె మనసంతా డాక్టరు చేతి మీదే ఉంది. మణికట్టు, మూడు వేళ్ళు నుజ్జయ్యాయని, ఆపరేషను చేశారని నర్సు చెప్పింది. మళ్ళీ పనిముట్టు పట్టుకోగలడా అంటే నర్సు మంచం పక్క దుప్పటి సర్దడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం పిన్ని వచ్చింది. పాలు, రొట్టె, ఒక దువ్వెన తెచ్చింది. చెయ్యెత్తలేని మనిషి జుట్టు ఎవరు చూస్తారని, దిండు మీద అట్టలు కట్టిన ఆ జుట్టును చూడగానే కొంగు బిగించింది. ఆమెను మెల్లగా లేపి కూర్చోబెట్టి, తను వెనక చేరి, చివర్ల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి వచ్చింది. ఎండిన నెత్తురు అంటుకున్న పాయను తడిగుడ్డతో తుడిచి విడదీసింది. చేతులు ఆడుతున్నంతసేపూ పిన్ని నోరు కూడా ఆడుతుంది. పక్కింటివాళ్ళ గొడవ, ఇంట్లో ఆగిపోయిన కుళాయి, పాలవాడి బద్ధకం, అన్నీ అయ్యాక మాట కెప్టెన్ మీదికి మళ్ళింది.

"ఆయన ఎక్కకపోవడమే మేలయిందమ్మాయీ. ఈ వయసులో ఆయన వల్ల అయ్యేదా ఇలా దించడం? ముందు రోజు సాయంత్రం విమానం తిప్పి ఇంటికొచ్చినప్పుడే నాకు అనుమానం. భోజనం దగ్గర అన్నం కలుపుతూ కూర్చున్నారు కానీ ముద్ద ఎత్తలేదు. ఏమిటంటే, ఇంజను దగ్గిందే, ఒకసారి కాదు, పైకి ఎక్కేటప్పుడల్లా దగ్గింది అన్నారు. అంతే, నేను పట్టుబట్టాను. రేపు మీరు దాన్నెక్కడానికి వీల్లేదన్నాను. నడుం పట్టిందని చెప్పండి అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే."

దువ్వెన నెత్తి మీది నుంచి వీపు దాకా సాఫీగా జారింది. మళ్ళీ జారింది.

చిన్నమ్మాయి కిటికీ వంక చూస్తూ కూర్చుంది. పిన్ని చెప్పిన మాటలు ఒక్కొక్కటీ అర్థమవుతూనే ఉన్నాయి, వాటిని కలపడానికే మనసు ఒప్పుకోవడం లేదు. దిండు ఆనించుకున్న నడుం. వరండాలో గబగబా నడిచిన కాళ్ళు. మంచం మీదికి అలవోకగా వంగిన వీపు.

"మరి విమానాన్ని ఆపించమని చెప్పలేదా పిన్నీ?" అని అడిగింది చివరికి.

"ఆపే ఉంటారనుకున్నానమ్మా. మెకానిక్కుకు చెప్తారుగా" అంది పిన్ని. అన్నాక ఆమె చెయ్యి ఆగింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. తరువాత పిన్ని జడ అల్లింది. ఎప్పుడూ బిగుతుగా అల్లే మనిషి, ఆ రోజు మూడు పాయలూ వదులుగా వేసి, రబ్బరు బ్యాండు తగిలించి, పాలు తాగమని చెప్పి వెళ్ళిపోయింది. దువ్వెన మంచం మీదే మరిచిపోయింది.

*

సాయంత్రం చిన్నమ్మాయి గోడ పట్టుకుని పై అంతస్తుకు వెళ్ళింది. పళ్ళ డాక్టరు చెయ్యి మోచేతి దాకా కట్టుతో, ఒక కమ్మీకి వేలాడదీసి ఉంది. ఆయన భార్య స్టూలు మీద కూర్చుని నారింజ వొలుస్తోంది. వచ్చిన మనిషిని చూసి వొలవడం ఆపింది, పలకరించలేదు.

ఎలా ఉన్నారని అడిగితే డాక్టరు ఉన్నానన్నాడు. కబుర్ల పోగు దగ్గర ఆ ఒక్క మాటే మిగిలింది. కాసేపయ్యాక ఆయనే అన్నాడు: "మీ కెప్టెన్ గారు వచ్చి వెళ్ళారండి. చాలా బాధపడ్డారు. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు, పాపం మెచ్చుకున్నారు కూడా. తనయితే బహుశా వెనక్కి తిప్పి రన్‌వే మీదే దించి ఉండేవాడినేమో అన్నారు. అనుభవం మీద వస్తుందట అది."

ఆమె నిలబడ్డచోటే మంచం కమ్మీ పట్టుకుంది.

రన్‌వే చివర కంచె పక్కన గడ్డి మొలవని మట్టిచోటు ఒకటుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ కెప్టెన్ అక్కడికి నడిపించుకుపోయి నిలబెడతాడు. ఆయన ప్రాణస్నేహితుడు ఇంజను ఆగాక వెనక్కి తిరగబోయి, తిరుగుతూ తిరుగుతూ కూలింది అక్కడే. ఏం చూసినా ఏం అనిపించినా ఎదురుగా ఉన్న నేల మీదే దిగు, వెనక్కి తిరగకు అని ఆయన వాళ్ళ చేత పైకి అనిపిస్తాడు. చిన్నమ్మాయి చేత అయితే చెవి మెలేసి మరీ అనిపించాడు. ఆ మనిషి, ఈ గదిలో, ఈ స్టూలు మీద కూర్చుని ఆ మాట అన్నాడన్నమాట.

"వెనక్కి తిరిగితే మనమిద్దరం ఈపాటికి లేమండీ" అందామె. "నా తప్పు ఒకటుంది. తాకేముందు చేతులు గుండెల మీదికి తీసుకోమని మీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

డాక్టరు భార్య అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "అయితే ఆయన అన్నది నిజమేనన్నమాట, అనుభవం చాలలేదని" అంది. గట్టిగా కూడా అనలేదు. నారింజ తొన ఒకటి భర్త నోటికి అందించింది.

*

ఆసుపత్రి నుంచి పంపగానే ఆమె ఇంటికి వెళ్ళలేదు. భర్తను వీధిలోనే ఉండమని, తనొక్కతే కెప్టెన్ ఇంటి మెట్లెక్కింది. ముందుగదిలో ఆయన పేపరు చదువుతున్నాడు. నడుం వెనక దిండు లేదు. ఆమెను చూసి సంబరంగా లేచి, తన కుర్చీ ఆమెకిచ్చి, కాళ్ళ కింద పీట జరిపాడు. ఆ పీట జరిపిన తీరుకు ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది. తనకు తెలిసినదంతా అబద్ధమైతే బాగుండుననుకుంది.

"ముందు రోజు సాయంత్రం ఇంజను దగ్గిందా సార్?" అని అడిగింది.

ఇంట్లో సార్ అన్న మాట వినగానే కెప్టెన్ పేపరు మడిచాడు. మడతను గోరుతో గీశాడు. పాత ఇంజన్లు అప్పుడప్పుడూ దగ్గుతాయన్నాడు. తేమకు అలా అవుతుందన్నాడు. రెండో విమానం ఇప్పటికే మూలపడి ఉందనీ, ఇది కూడా ఆపితే క్లబ్బుకు తాళం వేయాలనీ, తాళం వేస్తే తనేమైపోవాలనీ అన్నాడు. ఆమె వింటూ కూర్చుంది. ఆయన నీళ్ళు నములుతూ నములుతూ ఒకచోట ఆగి, ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఒకవేళ ఆగినా నువ్వయితే దించగలవనుకున్నాను. నాకా నమ్మకం ఉంది. దించావు కూడా. ఇంకెవరిని పంపినా పోయేవాళ్ళు."

ఆయన ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. మొహంలో నిజంగానే గర్వం కనిపించింది. చిన్నమ్మాయికి అంతసేపూ అడుగున ఎక్కడో మిగిలి ఉన్న ఆశ ఆ గర్వాన్ని చూసి చచ్చిపోయింది.

"ఎక్కేముందు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా" అంది.

"చెప్తే ఎక్కేదానివా?"

ఆమె పీట మీది నుంచి కాళ్ళు దించేసింది. కెప్టెన్ గొంతు మారింది. ఇదంతా నీకెవరు చెప్పారని అడిగాడు. ఆయన వెనక వంటింటి గుమ్మంలో పిన్ని వచ్చి నిలబడింది. తడిచేతులు, పాలిపోయిన మొహం. భర్తకు కనబడకుండా, ఆమెకు మాత్రమే కనబడేలా, వద్దన్నట్టు తల ఆడించింది.

ఎవరో చెప్పారులెండని చిన్నమ్మాయి లేచింది. దారిలో భర్త ఏమైందని అడిగాడు, చెప్పింది. ఆయన స్కూటరు పక్కకు తీసి ఆపేశాడు. ప్రమాదం మీద జరిగే విచారణలో చెప్తావు కదా అన్నాడు. చెప్తానంది. పిన్ని సంగతి చెప్తావా అంటే మాత్రం మాట్లాడలేదు. తన జుట్టులో నెత్తురు తుడిచిన మనిషిని నలుగురి ముందు నిలబెట్టి, మొగుడి మీద సాక్ష్యం చెప్పించడం తన వల్ల కాదనుకుంది.

*

విచారణ క్లబ్బు గదిలోనే జరిగింది. విమానాల శాఖ నుంచి వచ్చిన అధికారి సన్నటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద ఇంజను నుంచి విప్పిన నల్లటి పెట్రోలు గొట్టం ముక్క పెట్టాడు. నిలువునా కోసి ఉంది. లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతోంది. నేల మీద ఇంజను తిరిగినంతసేపు ఇది గోడకు అంటుకునే ఉంటుందనీ, పైకి ఎక్కేటప్పుడు పెట్రోలు జోరుగా లాగితే ముందుకు వంగి దారి మూసేస్తుందనీ ఆయన పెన్సిలు కొనతో చూపించాడు. ఇలాంటిది ఒక్కసారిగా మూసుకోదని, ముందే కొన్నిసార్లు దగ్గించి ఉండాలని అన్నాడు.

బల్లకు ఒక పక్క కెప్టెన్, ఆయన పక్కన మెకానిక్కు. ఇంకో పక్క చిన్నమ్మాయి. గోడవార బెంచీ మీద పళ్ళ డాక్టరు, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. విప్పి చూడమని తనకెవరూ చెప్పలేదని మెకానిక్కు అన్నాడు. ఒక్కసారి దగ్గిందని తెలిసినా తను షెడ్డు దాటనిచ్చేవాడిని కానన్నాడు.

ముందు రోజు దీన్ని నడిపింది మీరే కదా, తేడా ఏమైనా కనిపించిందా అని అధికారి కెప్టెన్‌ను అడిగాడు.

"లేదండీ. చక్కగా ఉంది" అన్నాడు కెప్టెన్.

"దగ్గింది" అంది చిన్నమ్మాయి.

అధికారి ఆమె వైపు తిరిగాడు. అప్పుడు మీరు అందులో ఉన్నారా అన్నాడు. లేనంది. మరి మీకెలా తెలుసన్నాడు. ఆమె తెల్లగుడ్డ మీది గొట్టాన్ని చూసింది.

"ఎలా తెలిసిందో చెప్పలేనండీ. కానీ ఆయనకు తెలుసు."

చెప్పలేనంటే మేం ఏమనుకోవాలని అధికారి మెత్తగానే అడిగాడు. గదిలో బెంచీ కిర్రుమంది. కెప్టెన్ అరచేతులు బల్ల మీద పెట్టి, వాటిని చూసుకున్నాడు. తలెత్తినప్పుడు ఆయన మొహం దిగులుగా, పెద్దరికంగా ఉంది.

"తనకు చెప్పింది నేనేనండీ" అన్నాడు. "ఆ పొద్దున ఎక్కబోయే ముందు చెప్పాను. నిన్న కాస్త దగ్గిందమ్మా, చూసుకుని ఎక్కు అన్నాను. చూసుకుంటానంది. ఈ మాట బయటపెట్టకూడదనే ఇందాక లేదన్నాను. చిన్నది, బతుకు పాడవుతుందని."

మెకానిక్కు చిన్నమ్మాయికేసి తిరిగి, నమ్మలేనట్టు చూసి, చూపు తిప్పుకున్నాడు. డాక్టరు ఎడమచేత్తో కట్టు అంచు సర్దుకుంటున్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అతుక్కుపోయిందో ఆమెకు తెలుస్తూనే ఉంది. తనకు తెలిసిందన్నది తనే. ఎవరు చెప్పారో చెప్పనన్నదీ తనే. ఆ ఖాళీని ఆయన చూశాడు, కొలత చూసుకుని అందులో మేకు కొట్టాడు. అడ్డుకోవాలంటే పిన్ని పేరు చెప్పాలి. చెప్పదని ఆయనకు తెలుసో లేదో కానీ, ఎవరినో కాపాడుతోందని మాత్రం కనిపెట్టాడు.

"ఆ మాట ఆయన చెప్పింది నాకండీ."

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. రోజూ ఆ వేళకు భర్తకు భోజనం తెస్తుంది. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో మందుల సంచి. ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరూ గమనించలేదు.

"ముందు రోజు సాయంత్రం, భోజనం దగ్గర చెప్పారు" అంది. ఆమె భర్త వైపు చూడటం లేదు, అధికారి చొక్కా బొత్తాల వైపు చూస్తోంది. "పొద్దున దాన్ని ఎక్కొద్దని ఆయనతో అన్నది నేను. నడుం నొప్పని చెప్పమన్నదీ నేనే. నొప్పీ గిప్పీ ఏమీ లేదు. ఈ అమ్మాయికి ఆసుపత్రిలో తెలిసింది. నా నోటితోనే తెలిసింది. తెలిసినప్పుడు దాని ఒళ్ళు ఎలా బిగుసుకుపోయిందో నా చేతులకు తెలుసు. ముందే తెలిసిన మనిషి అలా బిగుసుకుపోదు."

"నీకేం తెలుసని ఇక్కడికొచ్చి..." అని కెప్టెన్ లేవబోయాడు. అలాగే సగం లేచి ఉండిపోయాడు. అధికారి పిన్నికి కుర్చీ వేయించాడు. ఏం తిన్నారు, ఆయన సరిగ్గా ఏ మాట వాడారు, మీరేమన్నారు, ఒక్కొక్కటే నిదానంగా అడిగాడు. ఆమె ఒక్కొక్కదానికే నిదానంగా జవాబు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. అంతా అయ్యాక క్యారియరు బల్ల మీద పెట్టి, గొట్టం ముక్కకు తగలకుండా పక్కకు జరిపి, మందుల సంచి మొగుడి ముందుకు తోసింది.

"తిని వేసుకోండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట పుడుతుంది" అంది.

ఆయన క్యారియరు ముట్టుకోలేదు.

*

విమానాలు నడిపే అనుమతి కెప్టెన్‌కు అప్పటికప్పుడే రద్దయింది. క్లబ్బు షెడ్డుకు అధికారి తన మనిషి చేత సీలు వేయించాడు. చిన్నమ్మాయి తప్పేమీ లేదని, దించవలసిన చోటే దించిందని పైకి చదివి వినిపించారు. అది వింటున్నప్పుడు ఆమెకు తేలికగా అనిపించాలి. అనిపించలేదు. ఎక్కడానికి విమానం లేదు, వెళ్ళడానికి ఆ ఇల్లు లేదు.

ఇల్లు లేదన్న సంగతి పిన్ని బయట వసారాలోనే చెప్పేసింది. కెప్టెన్ మెట్ల దగ్గర వీళ్ళకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఏం చేయాలో తెలియనివాడిలా జేబులు తడుముకుంటున్నాడు. పిన్ని చిన్నమ్మాయి ఎదుట ఆగి, జారిన పట్టీని ఆమె మెడ దగ్గర సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంక మా ఇంటికి రాకమ్మా" అంది. "కోపంతో అనడం లేదు. నువ్వొస్తే ఆయన నీ మొహం చూడలేరు. నేను ఆయన మొహం చూడలేను. మేమిద్దరం ఆ ఇంట్లోనే ఉండాలి కదా."

"పిన్నీ" అంది చిన్నమ్మాయి.

పిన్ని వెళ్ళి భర్త మోచెయ్యి పట్టుకుంది. మెట్టుంది చూసుకోండని చెప్పింది. ఆయన చూసుకుని దిగాడు. తినని క్యారియరు ఇంకో చేతిలో పట్టుకుని, ఆయన్ని నడిపించుకుంటూ, గేటు దాటి రోడ్డు మలుపు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చిన్నమ్మాయి మలుపు దాకా చూసింది.

పళ్ళ డాక్టరు వచ్చి వసారా బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన భార్య ఆటో కోసం గేటు దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా రన్‌వే ఎండలో ఖాళీగా పడి ఉంది.

"మందు వేసుకున్న ప్రతి పూటా మిమ్మల్ని తిట్టుకున్నానండీ" అన్నాడు డాక్టరు. "మర్యాదగానే తిట్టాను లెండి, బయటికి వినపడకుండా."

"వాటిలో ఒకటి రెండు నాకు రావలసినవే. మీ చేతి విషయంలో తప్పు నాదే."

"అవును, అది మీదే" అన్నాడాయన. "మీరు మీ ఒక్క తప్పూ ఒప్పుకుంటే నేను మిమ్మల్ని నమ్మలేదు. ఆయన ఏ తప్పూ ఒప్పుకోకపోతే ఆయన్ని నమ్మాను. నోళ్ళు చూసి బతికేవాణ్ణి, నాకే తెలియలేదు" అన్నాడు.

ఆమె పట్టీ ముడి ఊడి చెయ్యి కిందికి జారుతోంది. తనే సర్దుకోబోయింది, ఒక్క చేత్తో ముడి పడలేదు. డాక్టరు తన ఎడమచెయ్యి చాచి ఒక కొస పట్టుకున్నాడు. ఆమె కుడిచేత్తో రెండో కొస పట్టుకుంది. ఆయన అటు తిప్పాడు, ఆమె ఇటు తిప్పింది, ముడి చేతికొచ్చినట్టే వచ్చి జారిపోయింది. ఇద్దరూ ఒకటే వైపు తిప్పుతున్నారని ఆమె గమనించి ఆగమంది. ఆయన ఆగాడు. ఆమె తన కొసను ఆయన వేళ్ళ కింది నుంచి తీసి, పైకి లాగి, "ఇప్పుడు పట్టుకోండి" అంది. ఆయన గట్టిగా పట్టుకున్నాడు.